చరిత్రకెక్కని వారం

కొల్లాపూర్ చరిత్ర అనగానే మనకు ముందుగా సురభి వంశం గుర్తుకొస్తుంది. పదిహేడవ శతాబ్దిలో జటప్రోలు నుండి పాలించిన సురభి మాధవరాయలు ‘చంద్రికాపరిణయము’ రచించినవాడు, ఎలకూచి బాలసరస్వతిని ఆదరించినవాడు. పందొమ్మిదవ శతాబ్దిలో రాజధాని కొల్లాపూరుకు మారింది. 1949లో జాగీర్ల రద్దుతో సంస్థానపు కథ ముగిసింది. కవులు, కావ్యాలు, కోటలు, దేవాలయాలు... మన సంస్థాన చరిత్రలన్నీ ఇంచుమించు ఈ వరుసలోనే సాగుతాయి.

ఆ వరుసలో ఎక్కడా కనిపించని వారం ఒకటి ఉంది. పెత్తరమాస నాడు మొదలై సద్దుల బతుకమ్మతో ముగిసే తొమ్మిది దినాలు. దసరాకు ముందు వచ్చే పనుల వారం. ఇల్లు అలకాలి. పూలు తేవాలి. పిండి విసరాలి. అంగడికి పోయి బెల్లం, నువ్వులు, గాజులు తేవాలి. పుట్టింటికి వచ్చిన ఆడబిడ్డకు చీర పెట్టాలి. సాయంత్రం గుడి ముందు చప్పట్లతో తిరిగే ఆటను అందరూ చూస్తారు; దాని వెనుక ఉన్న ఈ పనిని మాత్రం ఎవరూ లెక్క వేయరు. బతుకమ్మ పుట్టుక గురించి కథలు చాలా ఉన్నాయి. వాటి జోలికి ఇక్కడ పోవడం లేదు. నా ప్రశ్న చిన్నది: ఈ పనికి చరిత్ర ఉందా?

ఉందని గట్టిగా చెప్పగల పెద్దమనిషి ఈ పాలమూరు సీమలోనే పుట్టాడు. సురవరం ప్రతాపరెడ్డి (జననం 1896) తన ‘ఆంధ్రుల సాంఘిక చరిత్ర’ను 1949లో ప్రకటించాడు. సంస్థానాలు అంతరించిన ఏడాదే రాజులను పక్కనపెట్టి జనం చరిత్ర రావడం కేవలం యాదృచ్ఛికమే కావచ్చు, కానీ ముచ్చటైన యాదృచ్ఛికం. 1955లో తెలుగుకు తొలి సాహిత్య అకాడెమీ పురస్కారం తెచ్చిన గ్రంథమది. మన పూర్వులు ఏమి తిన్నారు, ఏమి కట్టారు, ఏ ఆటలాడారు అని ఆయన కావ్యాలలో గాలించాడు. బతుకమ్మ వారపు పనిని వర్ణించిన కావ్యం మనకు లేదు. కనుక గాలించవలసిన చోటు వేరు: ఆ దినాల పేర్లు, ఆ పూలు, ఆ వంటలు.

పేర్లతో మొదలుపెడదాం. ఎంగిలిపూల, అటుకుల, ముద్దపప్పు, నానబియ్యం, అట్ల, అలిగిన, వేపకాయల, వెన్నముద్దల, సద్దుల... తొమ్మిదింటిలో ఏడు పేర్లు వంటింటివే. దేవతల పేర్లు కావు, తిథుల పేర్లు కావు. ఆనాడు పొయ్యి మీద ఏముందో చెప్పే పేర్లు. ఎంగిలిపూల మాటకు చెప్పే వివరణలలో ఒకటి నాకు చాలా సబబుగా తోస్తుంది. అమావాస్య నాడు పెద్దలకు పెట్టే పనితో తెల్లవారుతుంది కనుక పూలను ముందునాడే కోసి నీళ్ళు చల్లి ఉంచుతారు. రాత్రి నిలిచిన పూలు ఎంగిలి పూలు. ఇదే నిజమైతే ఆ పేరులో ఉన్నది ఒక ఇల్లాలి సమయపాలన. ఆరవనాడు బతుకమ్మ అలుగుతుంది. ఆరోజు పేర్చరు, ఆడరు, నైవేద్యమూ లేదు. ఐదు దినాల పని తరువాత, పెద్ద దినానికి ముందు, పొయ్యికి ఒకనాటి ఆటవిడుపు. అలక పేరుతో ఎవరికి విశ్రాంతి దొరికిందో ఊహించడం కష్టం కాదు.

ఇక సద్దులు. సద్ది అంటే పొద్దున్నే మూటగట్టి చేనికి తీసుకుపోయే అన్నం, కూలికి పోయేవారి అన్నం. పండుగలో అన్నిటికన్నా పెద్ద దినానికి ఆ మాటే పేరైంది. పులిహోర, పెరుగన్నం, నువ్వుల సద్ది, కొబ్బరి సద్ది, వాటితోపాటు రొట్టెలు నలిపి బెల్లం కలిపి ముద్దలు చేసే మలీద. మలీద అన్నది పారసీ మాట. నలిపినది అని అర్థం. దర్గాల దగ్గర, పీర్ల పండుగలో పంచేదీ ఈ మలీదే. గౌరమ్మ ముందు పెట్టే ముద్ద పేరు ఏ దారిన ఆ వంటింటికి చేరిందో శాసనాలు చెప్పవు. ఇసుర్రాయి పక్కన కూర్చున్న ఇరుగుపొరుగు ఆడవాళ్ళకు తెలిసి ఉంటుంది.

పూలు ఇంకొక దస్తావేజు. గునుగు జొన్నచేలల్లో మొలిచే కలుపు. తంగేడు బీళ్ళలో, గెట్ల మీద, ఎవరూ నీరు పోయని చోట పూస్తుంది. దాని చెక్క తోలు పదును చేయడానికి పనికివచ్చేది. ఈ రెండూ కొనవలసిన పూలు కావు, తోటమాలి పెంచవలసిన పూలూ కావు. కలుపు తీసే చేతులే సాయంత్రం గునుగును మోపుకట్టి ఇంటికి తెచ్చేవి. చేనుకు పనికిరానిది సిబ్బిలోకెక్కి గౌరవం పొందేది. తరువాత కాడలు సమంగా కోయడం, కొన్నిటిని రంగునీళ్ళలో ముంచి ఆరబెట్టడం, సిబ్బిలో గుమ్మడాకులు పరచి వరుస మీద వరుస వంకర లేకుండా ఎత్తడం. ఆ సిబ్బి మేదరి అల్లినది, సద్ది కుండ కుమ్మరి చేసినది, చీర సాలె మగ్గం మీద నేసినది. ఇంటి పనితోపాటు ఈ ఇళ్ళన్నిటి చుట్టూ తిరిగే పని కూడా ఆ వారంలోనే. ఊరి వృత్తులన్నీ ఒక్కసారి ఒక పళ్ళెంలోకి రావడమంటే ఇదే.

కొల్లాపూర్ ప్రాంతంలో ఈ కథకు మరొక అధ్యాయం ఉంది. కృష్ణ మీద శ్రీశైలం ఆనకట్ట పని 1960లో మొదలై, 1981లో జలాశయం నిండసాగింది. నదికి రెండు వైపులా, పాత మహబూబ్‌నగర్, కర్నూలు జిల్లాలలో, నూరుకు పైబడిన గ్రామాలు మునిగాయి. గుడులను మాత్రం కాపాడుకున్నాం. కూడవెల్లి సంగమేశ్వరాలయం రాళ్ళు విప్పుకొని అలంపురం చేరింది. మంచాలకట్ట మాధవస్వామి ఆలయం కొల్లాపూరుకు తరలివచ్చింది. సోమశిల గుడులు ఎత్తైన చోటికి మారాయి. విప్పిన రాయి మళ్ళీ తన స్థానంలోనే కూర్చునేలా జాగ్రత్త పడ్డారు. అది గొప్ప పనే, ఎవరమూ కాదనలేం.

కానీ ఏ గెట్టు మీద తంగేడు పూసేదో, ఏ చేనిలో గునుగు దట్టంగా ఉండేదో, ఏ రేవు దగ్గర బతుకమ్మను సాగనంపేవారో ఆ జాబితాలో లేవు. రాయికి ఉన్నట్టు పనికి స్థానసంఖ్య ఉండదు. ఊరు విడిచి వెళ్ళిన ఆడవాళ్ళు కొత్త చోట మొదటి దసరాకు పూలెక్కడున్నాయో మళ్ళీ మొదటి నుండి వెతుక్కోవలసిందే. పూలను సాగనంపిన నీరే ఊరిని తీసుకుపోయిన తరువాత కూడా పండుగ నిలిచిందంటే, దానిని నిలిపినది ఆ వెతుకులాటే. అందుకు శిలాఫలకం లేదు.

2014లో తెలంగాణ ఏర్పడగానే బతుకమ్మ రాష్ట్ర పండుగ అయింది, తంగేడు రాష్ట్ర పుష్పమైంది. 2017లో బతుకమ్మ చీరల పంపిణీ మొదలై సిరిసిల్ల మరమగ్గాలకు కొన్నేళ్ళు పని దొరికింది. కొల్లాపూర్ 2016లో నాగర్‌కర్నూలు జిల్లాలో భాగమైంది. గౌరవం పెరిగింది, సంతోషం. అదే కాలంలో చేలల్లో గడ్డిమందు పెరిగింది, జొన్న తగ్గి పత్తి వచ్చింది, బీళ్ళు ప్లాట్లయ్యాయి. ఒకనాటి కలుపు ఇప్పుడు అంగడిలో కట్టల లెక్కన అమ్ముడవుతోంది. సాయంకాలపు ఆట వేదికలెక్కింది. దానికి ముందటి పగటి పని మాత్రం మునుపటిలాగే తెర వెనుక ఉంది.

గతం తిరిగి రావాలని నేను కోరడం లేదు. పిండిమిల్లు వచ్చి ఇసుర్రాయి మూలపడితే భుజాల నొప్పి తగ్గింది, అందుకు విచారించనక్కరలేదు. నా బెంగ వేరే. వెన్నముద్దల బతుకమ్మ అన్న పేరు పుస్తకాలలో నిలుస్తుంది. ఆ ముద్దకు నువ్వులు ఎంత వేయించాలి, బెల్లం ఎప్పుడు కలపాలి, గునుగు వాడకుండా రాత్రంతా ఎలా ఉంచాలి అన్నవి మాత్రం చేతుల్లోనే ఉన్నాయి. చేతులు వెళ్ళిపోతే పేరు ఒక్కటే మిగులుతుంది. అర్థం తెలియని పేర్లకు వ్యాఖ్యానాలు రాసుకునే దుస్థితి మన కావ్యాలకు ఎప్పుడో పట్టింది. పండుగలకు కూడా పట్టనివ్వడమెందుకు?

రాజుల చరిత్రకు ఆస్థానకవులున్నారు. ఈ వారానికి మనమే ఉన్నాం. మిత్రులలో పాలమూరు, నల్లగొండ వైపు వారెవరైనా ఉంటే ఇంట్లో పెద్దవారిని అడిగి, ఏ నాడు ఏ పని ముందు చేసేవారో, పూలు ఎక్కడ దొరికేవో, నాలుగు వాక్యాలైనా రాసిపెట్టండి. మునిగిన ఊళ్ళవారైతే మరీ మంచిది. ఆ నాలుగు వాక్యాలు సాంఘిక చరిత్రలో ఇంకా రాయని పుటలు.