అడవికి పేరిచ్చిన ఫొటోగ్రాఫర్

కెయిర్న్స్ నుంచి ఉత్తరంగా సుమారు వంద కిలోమీటర్లు వెళ్తే డెయిన్‌ట్రీ నది వస్తుంది. కారును ఫెర్రీ మీదికి ఎక్కించి అవతలి ఒడ్డుకు చేరితే, ప్రపంచంలోని అతి ప్రాచీన వర్షారణ్యాల్లో ఒకటి మన ముందుంటుంది. ఇండియా నుంచి అమ్మానాన్నలు వచ్చినప్పుడు అక్కడికి తీసుకెళ్ళి ఫొటోలు తీసుకుంటాం. ఆ పేరు ఒక ఫొటోగ్రాఫర్‌దని మాత్రం మనలో చాలామందికి తెలియదు.

రిచర్డ్ డెయిన్‌ట్రీ 1832లో ఇంగ్లండులో పుట్టారు. కేంబ్రిడ్జ్‌లో చేరారు గానీ, ఆరోగ్యం సహకరించక చదువు మానేసి, 1852లో బంగారం వేటలో విక్టోరియాకు వచ్చారు. బంగారం దొరకలేదు. భూగర్భ సర్వే శాఖలో సహాయకుడి ఉద్యోగం దొరికింది. 1856లో లండన్ తిరిగి వెళ్ళి, గనుల విద్యాలయంలో చదువుతూ ఫొటోగ్రఫీ మీద మోజు పెంచుకున్నారు. మళ్ళీ ఆస్ట్రేలియా వచ్చి, 1858లో ఆంట్వాన్ ఫోషరీ అనే ఫ్రెంచివాడితో కలిసి విక్టోరియా దృశ్యాలను, అక్కడి ఆదివాసుల చిత్రాలను ఆల్బమ్‌గా వెలువరించారు.

ఆ రోజుల్లో ఫొటో తీయడమంటే మాటలు కాదు. గాజుపలకకు కొలోడియన్ రసాయనం పూసి, సిల్వర్ నైట్రేట్‌లో ముంచి, తడి ఆరకముందే ఫొటో తీసి, అక్కడికక్కడే చీకటి గుడారంలో కడగాలి. ఈ సరంజామా అంతా కొండల్లోకి మోసుకెళ్ళి, రాళ్ళ పొరలను పరిశోధన కోసం ఫొటోలు తీసిన తొలితరం భూగర్భ శాస్త్రవేత్తల్లో ఆయన ఒకరు.

1864లో ఉత్తర క్వీన్స్‌లాండ్ వెళ్ళి, విలియం హాన్‌తో కలిసి మేరీవేల్ పశువుల క్షేత్రంలో భాగస్వామి అయ్యారు. కేప్ రివర్, గిల్బర్ట్, ఎథరిడ్జ్ బంగారు క్షేత్రాలు వెలుగులోకి రావడంలో ఆయన పరిశీలనలది పెద్ద పాత్ర.

ఆయన్ని రాజకీయాల వైపు నడిపించింది 1871 లండన్ ప్రదర్శన. క్వీన్స్‌లాండ్ తరఫున ఆయన బయల్దేరిన ఓడ దక్షిణాఫ్రికా తీరంలో పగిలిపోయి, ఎన్నో రాతి నమూనాలు సముద్రం పాలయ్యాయి. అయినా ప్రదర్శన విజయవంతమైంది. పెద్దవి చేయించి, తైలవర్ణాలు అద్దించిన ఆయన ఫొటోలను జనం ఆసక్తిగా చూశారు. మరుసటి ఏడాదే ప్రభుత్వం ఆయన్ని లండన్‌లో ఏజెంట్ జనరల్‌గా నియమించింది. వలసవచ్చేవారిని పోగుచేసి ఓడలెక్కించడం ఆ పదవిలో ముఖ్యమైన పని. అందుకు ఆ ఫొటోలే ఆయన ఆయుధం.

పని బాగా చేసేవాణ్ణి మేనేజరుని చేస్తే ఏమవుతుందో మన ఐటీ వాళ్ళకు వేరే చెప్పక్కర్లేదు. కార్యాలయ సిబ్బంది అక్రమాలు బయటపడ్డాయి. ఆయన నిజాయితీకి మచ్చ రాకపోయినా, కింది వాళ్ళను అదుపులో పెట్టలేదన్న నింద మోయాల్సి వచ్చింది. ఆరోగ్యమూ దెబ్బతింది. 1876లో రాజీనామా చేశారు. ఆ కుర్చీలోకి వచ్చింది అప్పటిదాకా క్వీన్స్‌లాండ్ ప్రీమియర్‌గా ఉన్న మెకాలిస్టరే! రెండేళ్ళకే, 1878లో, క్షయవ్యాధితో డెయిన్‌ట్రీ కన్నుమూశారు. అప్పటికి ఆయన వయసు 45.

నదికి ఆ పేరు 1873లో డాల్రింపుల్ అనే అన్వేషకుడు పెట్టాడు. వేల ఏళ్ళుగా అక్కడ బతుకుతున్న కుకు యలాంజి ప్రజలను ఎవరూ అడగలేదు. కొత్త జీవితానికి రమ్మని పిలిచిన ఆ రంగుల బొమ్మల వెనక, బంగారం కోసం వచ్చినవాళ్ళ చేతుల్లో భూములు, ప్రాణాలు పోగొట్టుకున్న మనుషులున్నారు. డెయిన్‌ట్రీ జాతీయ వనం యాజమాన్యం తూర్పు కుకు యలాంజిలకు తిరిగి దక్కింది 2021లో.

మనమూ ఏదో ఒక ఫొటో చూసి ఆశపడి ఈ దేశం వచ్చినవాళ్ళమే. ఇప్పుడు మనం ఊరికి పంపే ఫొటోల్లోనూ ఇల్లు, కారు, బీచ్ ఉంటాయి. ఉద్యోగం పోయిన నెలలు ఉండవు. ఈసారి ఆ ఫెర్రీ దాటేటప్పుడు పిల్లలకు డెయిన్‌ట్రీ కథ చెబుదాం. ఫొటోలో ఎవరున్నారో చెప్పాక, ఎవరు లేరో కూడా చెబుదాం.