మన్ననూరు చెంచులు – విశ్వవిద్యాలయ విద్య: ఒక చారిత్రక పరిశీలనము

విశ్వవిద్యాలయములు తమ ప్రాంగణములకు వెలుపలనున్న ప్రజాజీవితమునకు ఏమి చేయగలవు అను ప్రశ్న నేడు పెక్కు సదస్సులయందు వినవచ్చుచున్నది. ప్రకృతిసంపదను రాబోవు తరములకు తరుగనీయక నేటి తరమునకు జీవనము సమకూర్చు పద్ధతికి సుస్థిరాభివృద్ధి యని పేరిడినారు. 1987లో బ్రంట్లండ్ సంఘము తన నివేదికలో ఈ భావమునకు ప్రసిద్ధమైన నిర్వచనము గావించినది. 1990లో ఫ్రాన్సు దేశమందలి తల్వార్ పట్టణమున సమావేశమైన విశ్వవిద్యాలయాధిపతులు బోధన, పరిశోధన, ప్రజలతోడి సహకారము అను మార్గములద్వారా దీనికి తోడ్పడుదుమని ప్రకటించిరి. 2015లో ఐక్యరాజ్యసమితి అంగీకరించిన 17 లక్ష్యములలో విద్యయు భాగస్వామ్యమును ప్రత్యేకముగా చేరినవి.

ఈ ప్రకటనలు క్రొత్తవియే కాని, వీనియందలి పని క్రొత్తది కాదు. నల్లమల యంచుననున్న మన్ననూరు ప్రాంతమున ఎనుబదియేండ్లకు పూర్వమే విద్వాంసుని పరిశోధన ప్రభుత్వనిర్ణయముగ మారినది. ఆ ప్రయత్నమున ఏది నిలిచినది, ఏది నిలువలేదు, అందులకు కారణమేమి అను విషయమును విచారించుట ఈ వ్యాసోద్దేశము.

ప్రదేశము, ప్రజలు

మన్ననూరు నాగర్‌కర్నూలు జిల్లా అమ్రాబాదు మండలమునకు చెందినది. 2016లో జిల్లాల పునర్విభజన జరుగువరకు ఇది మహబూబ్‌నగరు జిల్లాలోనిది. హైదరాబాదునుండి శ్రీశైలమునకు పోవు బాట ఇచ్చటనే దట్టమైన యడవిని జొచ్చును. అమ్రాబాదు పీఠభూమి రెండంతస్తులుగ నున్నది. క్రింది యంతస్తున మన్ననూరు, అమ్రాబాదు మొదలగు గ్రామములును, సేద్యపు భూములును గలవు. పై యంతస్తు ఫర్హాబాదు మొదలు కృష్ణాతీరపు చరియలదాక వ్యాపించిన యరణ్యము. చెంచులు రెండింటను గలరు. పై యంతస్తువారు ఇటీవలివరకు అడవినే నమ్ముకొనినవారు.

తెలుగువారికి చెంచులు అపరిచితులు కారు. అహోబిల నరసింహుని వలచిన చెంచులక్ష్మి కథయు, శ్రీశైల మల్లికార్జునుని చెంచు మల్లయ్యగా పిలుచు వాడుకయు మన వాఙ్మయమున, జనశ్రుతిలో స్థిరపడినవి. కాని కథలలోని చెంచును ఎరిగినంతగా పెంటలోని చెంచును మనము ఎరుగము. పెంట యనగా కొలది గుడిసెల నివాసము. ఒక్కొక్క పెంటవారికి వంశపారంపర్యముగ వచ్చు అడవి హద్దులుండెడివి. ఆ హద్దులలోని చెంచుగడ్డ, నూలగడ్డ మొదలగు దుంపలు, పండ్లు, ఇప్పపూవు, తేనె, తపసిబంక వారికి జీవనాధారము. తేనెకై కొండచరియపై త్రాటితో దిగువానికి పైన కావలియుండువాడు బావమరిది కావలెనని వారి యాచారముగ చెప్పుదురు. అక్కచెల్లెండ్ర బ్రదుకు ఆ త్రాటిపై నాధారపడియుండుటచే అతడు ఏమరడని నమ్మకము. వారి మాతృభాష తెలుగే. ఈ యంశము మన విచారణకు ముఖ్యమైనది.

పరిశోధన, ప్రభుత్వము

వియన్నానగరవాసియగు మానవశాస్త్రజ్ఞుడు క్రిస్టఫ్ ఫాన్ ఫ్యూరర్-హైమెన్‌డార్ఫ్ రెండవ ప్రపంచయుద్ధము ఆరంభమైన నాటికి భారతదేశమున నుండెను. జర్మను ప్రవేశపత్రము గలవాడగుటచే శత్రుదేశీయుడుగా పరిగణింపబడి, హైదరాబాదు సంస్థానమున నుండుటకు అనుమతి పొందెను. 1940లో ఆయన అమ్రాబాదు పీఠభూమిపై చెంచుల నడుమ పరిశోధన ప్రారంభించెను. దాని ఫలమగు గ్రంథము, హైదరాబాదు ఆదిమజాతులను గూర్చిన సంపుటములలో మొదటిది, 1943లో వెలువడెను. 1945లో కొండరెడ్లను గూర్చియు, 1948లో రాజగోండులను గూర్చియు తరువాతి సంపుటములు వచ్చినవి.

గ్రంథము వెలువడుటకు పూర్వమే పరిశోధన ఫలించినది. ఆయన సిఫారసును పురస్కరించుకొని నిజాము ప్రభుత్వము 1942లో పీఠభూమి యెగువభాగమున సుమారు 1,00,000 ఎకరముల యరణ్యమును చెంచుల రక్షితప్రాంతముగ నిర్ణయించెను. అడవిని కాపాడుటయు, అడవిలోని మనిషిని కాపాడుటయు ఒకే పని యను భావము ఇందు కలదు. సుస్థిరాభివృద్ధికి బ్రంట్లండ్ సంఘపు నిర్వచనము వెలువడుటకు నలువదియైదేండ్లకు ముందు ఆ యర్థము మన్ననూరు దాపున ఒక ప్రభుత్వనిర్ణయమున చోటుచేసికొనినది. 1945లో హైమెన్‌డార్ఫ్ గిరిజనుల విషయమున ప్రభుత్వమునకు సలహాదారుగను, ఉస్మానియా విశ్వవిద్యాలయమున మానవశాస్త్రాచార్యుడుగను నియుక్తుడయ్యెను. ఆ విధముగ క్షేత్రము, తరగతిగది, సచివాలయము అను మూడును కొంతకాలము ఒక్క వ్యక్తియందు కలిసినవి.

ఆనాడు ఈ విధానముపై దేశమున పెద్ద వివాదముండెను. 1939లో వెరియర్ ఎల్విన్ బైగాలను గూర్చిన గ్రంథమున వారికి ప్రత్యేక రక్షితప్రాంత మవసరమని వాదించెను. 1943లో ఆచార్య జి. ఎస్. ఘుర్యే దానిని ఖండించుచు, గిరిజనులను వేరుచేయరాదనియు, వారు తక్కిన సమాజమున కలియవలసినవారే యనియు వ్రాసెను. ఇరుపక్షములందును సత్యము కలదు. అయితే రెంటియందును గిరిజనుని భవితవ్యమును ఇతరులే నిర్ణయించుచుండిరి. ఆ నిర్ణయములో చెంచునకు భాగమెట్లు కలుగును అను ప్రశ్నను నాటి వాదము ముందునకు తేలేదు.

భాష అను అడ్డుగోడ

1918లో స్థాపితమైన ఉస్మానియా విశ్వవిద్యాలయమునందు ఆ కాలమున బోధనభాష ఉర్దూ. హైమెన్‌డార్ఫ్ గ్రంథములు ఆంగ్లమున వెలువడినవి. చెంచుల భాష తెలుగు. ఒక తెలుగు జాతినిగూర్చిన జ్ఞానము తెలుగునుండి గ్రహింపబడి, ఆంగ్లమున వ్రాయబడి, ఉర్దూలో బోధించు విద్యాలయమున నిలిచినదన్నమాట. ఇందు పరిశోధకుని దోషము లేదు. కాని ఆ జ్ఞానమును చదివి, ఇది తప్పు, ఇది ఒప్పు అని చెప్పగల యవకాశము పెంటలోని మనిషికి లేకపోయినది. 1949లో హైమెన్‌డార్ఫ్ లండను విశ్వవిద్యాలయమునకు వెడలిపోయెను. మూడింటిని కలిపియుంచిన వ్యక్తి వెళ్లినంతనే మూడును విడివడినవి.

అదే పండితుడు ఆదిలాబాదు జిల్లాలో చేసిన పనిని దీనితో పోల్చిచూచినచో విషయము తేటపడును. 1940లో కొమురం భీము తిరుగుబాటు, జోడెఘాటులో ఆయన మరణము సంభవించిన పిదప గోండుల స్థితిని పరిశీలించు భారము హైమెన్‌డార్ఫ్‌పై బడెను. 1943లో మార్లవాయి గ్రామమున గోండు ఉపాధ్యాయులకు శిక్షణకేంద్రము నెలకొల్పబడినది. నాగరిలిపిలో గోండీవాచకములు సిద్ధమైనవి. గోండు బాలురకు గోండులే గురువులైరి. భూమిపట్టాల పంపిణియు అదే కాలమున సాగినది. కాలక్రమమున ఆ వాచకములు మూలబడినవి, బోధనభాష మారినది. అయినను అక్కడ శిక్షణపొందిన మనుష్యులు మిగిలిరి. వారు ఉపాధ్యాయులుగ, చిన్నయుద్యోగులుగ తమవారి నడుమనే నిలిచిరి.

మన్ననూరు ప్రాంతమున మిగిలినవి ఒక ఉత్తమగ్రంథము, ఒక ప్రభుత్వపు టుత్తరువు. మార్లవాయిలో మిగిలినది విద్యగల జనము. వాచకములు పోయినను నేర్చినవాడు ఆ విద్యను తనవారికి చెప్పగలడు. ఉత్తరువు పాతబడినపుడు దానిని గుర్తుచేయగలవారు చెంచులలో సిద్ధము కాలేదు.

తరువాతి నిర్ణయములు

1950లో రాష్ట్రపతి యుత్తరువువలన అచ్చంపేట తాలూకాలోని అమ్రాబాదు, మన్ననూరు మొదలగు గ్రామములు షెడ్యూలు ప్రాంతములలో చేరినవి. 1956లో గిరిజన సహకారసంస్థ యేర్పడి అటవీఫలములను కొనసాగినది. అయిదవ పంచవర్షప్రణాళికా కాలమున చెంచులను అత్యంత వెనుకబడిన గిరిజనజాతులలో చేర్చి, 1976లో వారికై శ్రీశైలమున సమగ్ర గిరిజనాభివృద్ధి సంస్థను నెలకొల్పిరి. 2014లో రాష్ట్రవిభజన జరిగిన పిదప తెలంగాణ భాగమునకు మన్ననూరు కేంద్రమైనది.

మరియొక ప్రక్క 1978లో ఈ యరణ్యము అభయారణ్యముగను, 1983లో పులుల రక్షణప్రాంతముగను ప్రకటింపబడినది. తెలంగాణ భాగము నేడు అమ్రాబాదు పులుల రక్షణప్రాంతమను పేర సుమారు 2,611 చదరపు కిలోమీటర్ల విస్తీర్ణము గలిగియున్నది. 2006 నాటి అటవీహక్కుల చట్టము చెంచులవంటి జాతుల నివాసప్రాంతముపై సామూహికహక్కును గుర్తించుటకు వీలు కల్పించినది. ఒకే నేలపై పులికొక చట్టము, మనిషికొక చట్టము, బంకకొక సంస్థ యేర్పడినవి. ఒక్కొక్కటి తనంతట సదుద్దేశమే. కాని 1942లో ఒక్కటిగా నుండిన ఆలోచన ఇప్పుడు పలు కార్యాలయముల దస్త్రములయందు చెదరియున్నది. పులికొరకు పెంటను కదల్చవలెనా, పెంటను ఉంచియే పులిని కాపాడవచ్చునా అను నేటి వివాదమున ఈ లోపము స్పష్టముగ కానవచ్చును. దానికి సమాధానము చెప్పుటకు వన్యమృగశాస్త్రము, న్యాయశాస్త్రము, పెంటలోని యనుభవము మూడును ఒకచోట కూర్చుండవలెను. అట్టి చోటు విశ్వవిద్యాలయము కాక మరి యేది?

తెలుగు శాఖల అనుభవము

ఇట్టి పనికి మనకు పూర్వాచారము లేకపోలేదు. డాక్టర్ బిరుదురాజు రామరాజు ఉస్మానియాలో జానపద గేయసాహిత్యముపై పరిశోధించి, పల్లెనోట నిలిచిన పాటను విశ్వవిద్యాలయమున శాస్త్రవిషయముగ నిలిపిరి. ఆచార్య భద్రిరాజు కృష్ణమూర్తి సంపాదకత్వమున మాండలిక వృత్తిపదకోశము మొదటి సంపుటము, వ్యవసాయపదములతో, 1962లో ఆంధ్రప్రదేశ్ సాహిత్య అకాడమీ పక్షమున వెలువడినది. 1971లో చేనేతపదముల సంపుటము వచ్చినది. ఆ కోశమునకు ఆధారము నిఘంటువులు కావు. ఊరూర రైతు చెప్పిన మాట. నాగటిలోని ప్రతి భాగమునకు పేరు చెప్పగలవాడే అచట ప్రమాణపురుషుడు. పండితుడు వ్రాయసకాడు.

అడవివృత్తులకును ఇట్టి కృషి విస్తృతముగ జరుగవలసియున్నది. ఇది కేవలము పదసేకరణము కాదు. దుంపను త్రవ్వినవాడు తీగమొదలును మరల పూడ్చునా? తేనెపట్టులో ఎంతభాగమును విడుచును? ఏ నెలలో ఏ చెట్టును తాకరాదనును? ఈ ప్రశ్నలకు వచ్చు ఒక్కొక్క మాటలో అడవి తరుగకుండ వాడుకొను నియమము ఇమిడియుండును. ఆ మాట వాడుకతప్పిన దానితోడి నియమమును మరుగుపడును. ఆశ్రమపాఠశాలకు వచ్చిన చెంచుబాలుడు పుస్తకపు తెలుగు నేర్చుచు పెంటలోని తెలుగును మరచుచున్నచో, అతనికి రెండు విద్యలలో ఒకటి దూరమగుచున్నది. ఆ రెంటిని కలుపు వాచకమును వ్రాయుట తెలుగు శాఖ చేయదగిన పని.

తపసిబంక విషయము మరియొక నిదర్శనము. చెట్టును గొడ్డలితో లోతుగా గాటుపెట్టి బంక తీసినచో చెట్టు కొలదియేండ్లలో క్షీణించును. బెరడుమీద పరిమితముగ గాటుపెట్టి, అది మానుటకు గడువిచ్చి, బంకను శుభ్రముగ సేకరించినచో చెట్టు నిలుచును, వెలయు హెచ్చును. గిరిజన సహకారసంస్థ ఈ పద్ధతిలో సేకరణదారులకు శిక్షణ యిప్పించినది. వృక్షశాస్త్రము గాటు లోతు చెప్పును, రసాయనశాస్త్రము బంక గుణము చెప్పును, వాణిజ్యశాస్త్రము ధర చెప్పును. వీనిని చెంచునకు అర్థమగు తెలుగులో చెప్పి, అతని యనుభవమును తిరిగి శాస్త్రజ్ఞునకు చేర్చువాడు లేనిచో ఆ మూడును వ్యర్థములే.

భాగస్వామ్య మనగా నేమి

1862 నాటి చట్టముతో అమెరికాలో భూదానముపై నెలకొనిన కళాశాలలు బోధన, పరిశోధన, విస్తరణ అను మూడింటిని ఒకే విద్యాలయమున చేర్చినవి. ఆ నమూనాను అనుసరించి 1964లో ఆంధ్రప్రదేశ్ వ్యవసాయ విశ్వవిద్యాలయము స్థాపితమైనది. దాని పరంపరలోని పాలెము పరిశోధనాస్థానము నేడు నాగర్‌కర్నూలు జిల్లాలోనే యున్నది. పొలమున పుట్టిన ప్రశ్న ప్రయోగశాలకు పోయి, సమాధానము మరల పొలమునకు వచ్చు మార్గము రైతుకు ఆ విధముగ కొంతవరకు ఏర్పడినది. అడవి మనిషికి అంతటి మార్గము నేటికిని ఏర్పడలేదు. 1969లో ఆరంభమైన జాతీయ సేవాపథకము విద్యార్థులను గ్రామములకు పంపినది. 2014 నాటి ఉన్నత్ భారత్ అభియాన్ ఉన్నతవిద్యాసంస్థలను గ్రామములతో ముడివేయ దలచినది. ఇవి మంచివే. కాని కొలది దినముల శిబిరమున రోడ్డు ఊడ్చుట వేరు, ఒక పెంటతో పదియేండ్లు పనిచేయుట వేరు.

2019లో ఈ భేదము ప్రత్యక్షమైనది. ఆ యేడు మేనెలలో కేంద్ర అటవీ సలహాసంఘము అమ్రాబాదు రక్షణప్రాంతమున సుమారు 83 చదరపు కిలోమీటర్ల మేర యురేనియము అన్వేషణకు సూత్రప్రాయముగ సమ్మతించినది. ప్రజలనుండి తీవ్రప్రతిఘటన వచ్చినది. సెప్టెంబరు 16న తెలంగాణ శాసనసభ యురేనియము త్రవ్వకములకు వ్యతిరేకముగ తీర్మానించినది. తీర్మానము ఒక నిర్ణయమును ఆపగలదు. కాని నేల, నీరు, అడవి, జనము అను నాల్గింటి స్థితిని ఏటేట వ్రాసియుంచు వాడుక లేనియెడల, మరల అట్టి ప్రశ్న వచ్చినపుడు వాదమునకు ఆవేశమే ఆధారమగును. ఆ లెక్కను చెంచు యువకులతో కలిసి వ్రాసియుంచుట సమీపవిద్యాలయముల పని. 2008లో మహబూబ్‌నగరులో నెలకొనిన పాలమూరు విశ్వవిద్యాలయమునకు ఇది పొరుగుబాధ్యత.

పాలించుట, ఉద్యమించుట విశ్వవిద్యాలయ ధర్మము కాదని, సత్యాన్వేషణమే దాని పనియని కొందరందురు. సత్యాన్వేషణమే దాని పనియగుగాక. అయితే ఎవరినుండి సత్యమును గ్రహించితిమో వారికి దానిని వారి భాషలో తిరిగి యప్పగించుట ఆ యన్వేషణమున భాగము కాదా? అప్పగించినపుడే కదా దానిలోని తప్పు బయటపడునది!

పై చరిత్రవలన తేలిన యంశములు మూడు. పరిశోధన ప్రభుత్వనిర్ణయముగ మారగలదని 1942 రుజువుచేసినది. స్థానికులు నేర్చి నేర్పువారైననే ఆ ఫలము వ్యక్తిని దాటి నిలుచునని మార్లవాయి రుజువుచేసినది. ప్రజలనోటి మాటయే ప్రమాణముగ గొప్ప శాస్త్రగ్రంథము వెలువడగలదని వృత్తిపదకోశము రుజువుచేసినది. మన్ననూరున ఈ మూడును ఇంకను ఒకచోట చేరలేదు. నల్లమలపై పరిశోధించు ప్రతి విద్యార్థియు తన సిద్ధాంతవ్యాసముతోపాటు దాని సారమును సులభమైన తెలుగులో వ్రాసి, తాను తిరిగిన పెంటలలో చదివి వినిపించి, వారు దిద్దిన దిద్దుబాట్లను అనుబంధముగ చేర్చవలెనని మన శాఖలు నియమము చేసికొనిన చాలును. ఈ నియమమునకు ధనవ్యయమేమియు లేదు. చెంచునకు ఆ గ్రంథమున భాగము దక్కును. శాఖకు మరునాడు అదే పెంటకు పోవుటకు దారి యుండును.