అణగి ఉన్న ధూళి

పత్తి తీతలు మొదలైతే చాలు, గుంటూరు, ప్రకాశం ప్రాంతపు జిన్నింగ్ మిల్లుల్లో దూలాలు, దీపాలు, మోటార్లు అన్నింటి మీదా తెల్లటి నుసి పేరుకుంటుంది. ధూళి అనగానే మనకు తోచేది గాలిలో ఎగిరేదే. అయితే పారిశ్రామిక ధూళి చరిత్ర చదివేకొద్దీ, గాలిలో తేలేదానికన్నా అణగి కూర్చున్నదాన్నే ముందు లెక్కపెట్టాలని నాకు బలంగా అనిపిస్తుంది. 1785 డిసెంబరులో ఇటలీలోని టూరిన్‌లో ఒక రొట్టెల దుకాణపు గోదాములో గుట్టగా ఉన్న పిండి ఒక్కసారిగా జారి, మేఘంలా లేచి, దీపం తగిలి పేలింది. మండే గుణం పిండిలో ఎప్పుడూ ఉంది; దాన్ని ప్రమాదంగా మార్చింది ఆ లేవడమే. మిర్చి యార్డులో టిక్కీ (మిర్చి బస్తా) కింద పడేసిన క్షణాన లేచే ఘాటు ఎరిగిన గుంటూరువాళ్లకు ఇది కొత్త సంగతి కాదు.

వైద్యం మాత్రం తేలే ధూళి వెంటే నడిచింది. పత్తి ధూళితో వచ్చే ఊపిరితిత్తుల జబ్బుకు 1877లో ఫ్రెంచి వైద్యుడు ఆద్రియాఁ ప్రూస్త్ బిసినోసిస్ అని పేరుపెట్టాడు. వారాంతపు సెలవు ముగిసి పనిలోకి వచ్చిన రోజునే ఛాతీ బిగుసుకుంటుందని 1950లలో ఇంగ్లండ్‌లోని లాంకషైర్ నూలు మిల్లుల్లో వైద్యుడు షిల్లింగ్ లోతుగా పరిశీలించాడు. 1978లో అమెరికా నూలు తయారీలో ఘనపు మీటరు గాలికి 200 మైక్రోగ్రాముల పరిమితి విధించింది. ఎంతోమంది ఊపిరి నిలబెట్టిన కృషి ఇది. కానీ ఆ కొలత దూలం మీది పొరను చూడదు. మన 1948 ఫ్యాక్టరీల చట్టం బిసినోసిస్‌ను తప్పక తెలియజేయాల్సిన జబ్బుల్లో చేర్చింది. 14, 37 సెక్షన్లలో ధూళి పేరుకోకుండా చూడాలనీ చెప్పింది. 2000లో మొదలైన పత్తి టెక్నాలజీ మిషన్ జిన్నింగ్ మిల్లులను ఆధునికం చేసినా, దాని గురి ప్రధానంగా దూది శుభ్రత మీదే ఉంది.

పత్తి మండుతుందే గానీ పేలదంటారు. పొడవాటి పోగు విషయంలో అది చాలావరకు నిజం. పొడిగా, మెత్తగా రాలిన నుసికి ఆ హామీ లేదు. 1987 మార్చిలో చైనాలోని హార్బిన్ నార మిల్లులో ధూళి పేలి 58 మంది చనిపోయారు. మొదటి చిన్న పేలుడు చుట్టూ పేరుకున్నదాన్ని లేపితే, రెండోది మొదటిదాన్ని మించిపోతుంది.

ఇదే సూత్రం అణుశక్తి రంగంలో ఎక్కడ పనిచేస్తోందో చూడండి. భారత్ భాగస్వామిగా ఫ్రాన్స్‌లో కడుతున్న ఇటర్ కేంద్రక సంలీన రియాక్టర్‌లో ప్లాస్మా గోడలను కోతపెట్టి లోహపు ధూళిని పుట్టిస్తుంది. లోపలంతా శూన్యం, ఇక మంటకు గాలి ఎక్కడిదని అడగవచ్చు. కానీ భద్రతా నిపుణులు లెక్కవేసే ప్రమాదమే ఆ శూన్యం చెడిపోవడం. చీలిక పడితే గాలి లోపలికి దూసుకొచ్చి, అడుగున ఉన్న ధూళిని రేడియోధార్మిక ట్రిటియంతో సహా లేపుతుంది. నీటి గొట్టం పగిలితే ఆవిరి వేడి ధూళితో చర్య జరిపి హైడ్రోజన్‌ను పుట్టిస్తుంది. అందుకే అక్కడ రియాక్టర్ శూన్య పాత్ర లోపల పోగయ్యే ధూళికే 1 టన్ను పరిమితి పెట్టారు.

జిన్నింగ్ మిల్లుకూ రియాక్టర్‌కూ పోలికేమిటి, రేడియోధార్మికత ఎక్కడ, దూది ఎక్కడ అనేవారి మాట కొట్టిపారేయలేం. పర్యవసానాలు వేరు, ధూళి లేచే తీరు మాత్రం ఒకటే. ఖర్చు సాకు కూడా ఇక్కడ నిలవదు. పొరను పీల్చి తీసే యంత్రం కొనడం చిన్న మిల్లుకైనా అసాధ్యం కాదు. దానికి బదులు గాలి గొట్టంతో యంత్రాలను ఊది శుభ్రం చేస్తే, రియాక్టర్‌లో చీలిక చేసే పనిని మిల్లులో ఆ గొట్టమే చేస్తుంది, అదీ మనుషులు పక్కనే నిలబడి ఉండగా.