స్పాస్టిసిటీ

స్పాస్టిసిటీ లేదా కండరాల బిగుతు అనునది మెదడు గాని, వెన్నుపాము గాని దెబ్బతిన్నపుడు కనిపించే ఒక లక్షణము. ఇది కండరంలో పుట్టే వ్యాధి కాదు. కండరాలను అదుపులో ఉంచే సంకేతాలు మెదడు నుండి సరిగా అందకపోవడం వలన, కండరాన్ని సాగదీసినపుడు అది ఎదురుతిరిగి బిగుసుకుంటుంది. ఎంత వేగంగా సాగదీస్తే అంత గట్టిగా బిగుస్తుంది. మస్తిష్క పక్షవాతం (సెరిబ్రల్ పాల్సీ) ఉన్న పిల్లలలోను, పక్షవాతం వచ్చిన పెద్దలలోను ఇది ఎక్కువగా కనిపిస్తుంది.

లక్షణాలు

పక్షవాతాన్ని వాడుకలో "కాలూ చెయ్యీ పడిపోవడం" అంటారు. పడిపోయిన చెయ్యి సాధారణంగా మొదట వదులుగా వేలాడుతుంది. కొన్ని రోజులు లేదా వారాల తరువాత పలువురిలో బిగుతు మొదలవుతుంది. దీనిని చూసి బలం తిరిగి వస్తోందని ఇంటివారు పొరబడే అవకాశం ఉంది. క్రమంగా మోచేయి ముడుచుకుంటుంది, పిడికిలి మూసుకుపోతుంది, కాలు కర్రవలె నిలుస్తుంది. అశ్రద్ధ చేస్తే కండరాలు కురచబడి కీళ్ళు శాశ్వతంగా ముడుచుకుపోతాయి. అరచేతిలో గోళ్ళు గుచ్చుకొని పుండ్లు పడతాయి. ఆ దశలో మందుల వలన ప్రయోజనం స్వల్పము.

పిల్లలలో తొడలు దగ్గరకు లాగుకొని, కాళ్ళు కత్తెరవలె అడ్డుపడతాయి. మునివేళ్ళ మీద నడుస్తారు. కష్టమైన కాన్పుకు, ఈ బిగుతుకు గల సంబంధాన్ని 1861లో లండన్ వైద్యుడు విలియం జాన్ లిటిల్ వివరించాడు. అందువలన దీనిని చాలాకాలం లిటిల్ వ్యాధి అనేవారు. నెలలు నిండకుండా పుట్టడం కూడా ముఖ్యమైన కారణము.

చికిత్స

దెబ్బతిన్న మెదడు భాగాన్ని ఈ చికిత్సలు బాగుచేయవు. కీళ్ళు ముడుచుకుపోకుండా కాపాడడం, చేతనైన పనిని నిలుపుకోవడం వీటి లక్ష్యము. ప్రతిదినము నెమ్మదిగా కండరాలను సాగదీసే వ్యాయామాలు, చీలమండకు, మణికట్టుకు కట్టే పట్టీలు దీనికి పునాది. నూనె మర్దన హాయినిస్తుందే గాని వ్యాయామానికి బదులు కాదు. బిగిసిన చేతిని బలవంతంగా లాగితే భుజం కీలు దెబ్బతింటుంది.

బాక్లోఫెన్, టిజానిడిన్ మాత్రలు శరీరమంతటా బిగుతు తగ్గిస్తాయి, కాని మగతను, నీరసాన్ని కలిగిస్తాయి. బాక్లోఫెన్‌ను హఠాత్తుగా మానితే మూర్ఛలు రావచ్చును. ఒకటి రెండు కండరాలే బిగిస్తే బొటులినం టాక్సిన్ సూదిమందు ఇస్తారు. దీని ప్రభావం సుమారు 3 నెలలు ఉంటుంది. ఆ వ్యవధిలో వ్యాయామం చేయకపోతే ఖరీదైన ఈ మందు వృథా అవుతుంది. ఎదిగిన పిల్లలలో కురచబడిన స్నాయువులను శస్త్రచికిత్సతో పొడిగిస్తారు. అయితే బిగుతునంతా తీసివేయడం మంచిది కాదు. బలహీనమైన కాలు మీద రోగి నిలబడగలగడానికి కొన్నిసార్లు ఆ బిగుతే ఆధారము.

గోదావరి జిల్లాలలో

కాకినాడలో 1958లో ప్రారంభమైన రంగరాయ వైద్య కళాశాలకు అనుబంధమైన ప్రభుత్వ సర్వజన ఆసుపత్రి ఈ ప్రాంతానికి పెద్ద దిక్కు. రాజమండ్రి, ఏలూరులలో 2023లో ప్రభుత్వ వైద్య కళాశాలలు మొదలైనవి. కాని ఈ చికిత్స నెలలు, ఏళ్ళ తరబడి సాగేది. గోదావరి పాయల నడుమ ఉన్న లంక గ్రామాల నుండి పడవ గాని, పంటు గాని దాటి, నడవలేని మనిషిని వారం వారం పట్టణానికి తేవడం కష్టసాధ్యము. అందుచేత తల్లికో, భార్యకో ఇంటివద్ద చేయించవలసిన వ్యాయామాలను నేర్పి పంపడం మందుచీటీ అంత ముఖ్యము. బడి ఈడు పిల్లలకు మండలాలలోని భవిత కేంద్రాలలో ఫిజియోథెరపీ లభిస్తుంది. 2016 నాటి వికలాంగుల హక్కుల చట్టం గుర్తించిన 21 వైకల్యాలలో మస్తిష్క పక్షవాతం కూడా ఉంది.