కడీ పక్కన అనాబ్ తీగ

తెల్లాపూర్‌లో మా అబ్బాయి ఉండే అపార్ట్‌మెంటు ప్రహరీ పక్కన ఒక రాతి కడీ ఇంకా నిలబడి ఉంది. ఆరడుగుల పైమాటే. పైన జీఐ తీగ బిగించి కట్టిన చోట రాయి అరిగి, వేలు పట్టేంత గాడి పడింది. పాత కంచె రాయి అనుకుంటున్నాడు వాచ్‌మన్. కాదు, అది ద్రాక్ష పందిరి కడీ. మా నాయిన తోటలో ఇలాంటివి వరసలు వరసలుగా ఉండేవి.

ఆ పందిళ్ల మీద పాకింది అనాబ్-ఎ-షాహి. అనాబ్ అంటే ద్రాక్ష, షాహి అంటే రాజులది. 1890లో, ఆరో నిజాం మహబూబ్ అలీఖాన్ ఏలుబడిలో, అబ్దుల్ బాఖర్ ఖాన్ అనే ఆయన ఈ రకాన్ని హైదరాబాద్‌కు పరిచయం చేశారు. పొడుగు కాయ, లోపల గింజ, బాగా పండితే తేనె రంగు. కొంపల్లి, మేడ్చల్, శామీర్‌పేట వైపు తోటలు దీన్నే నమ్ముకుని లేచాయి. హెక్టారుకు సగటున 35 టన్నులు కాసేది. అంత కాపు ఉండబట్టే బండి మీద ద్రాక్ష కూలివాడి ఇంటికి కూడా వెళ్లింది. పేరుకు రాజులదైనా అది అందరి పండు అయింది.

చలి దేశాల్లో ద్రాక్ష తీగ శీతాకాలం నిద్రపోతుంది, ఏడాదికి ఒక్కసారి కత్తిరిస్తే చాలు. మన ఎండకు దానికి నిద్ర లేదు. అందుకే రెండు ప్రూనింగులు: ఏప్రిల్‌లో కొమ్మ కోసం, అక్టోబరులో కాయ కోసం. అక్టోబరు కత్తెర వేసేటప్పుడు మా నాయిన ఎవరితోనూ మాట్లాడేవాడు కాదు. బొటనవేలితో ఒక్కో కన్నూ తడిమి, ఉబ్బుగా తగిలిన కన్ను పైన కత్తెర పెట్టేవాడు. కోసిన చోట తీగ నీళ్లు కార్చేది. ఆ తర్వాత వాన పడిందా, బూజు తెగులు! ఈ రకానికి అదే పెద్ద శత్రువు. మైలుతుత్తం, సున్నం కలిపి బోర్డో మిశ్రమం కొట్టేవాళ్లం. ఫ్రాన్సులో ఎర్ర వైన్‌కు పేరుపడ్డ బోర్డో ప్రాంతపు తోటలను కాపాడటానికి 1880లలో కనిపెట్టిన మందు అది. ఇంటికొచ్చేసరికి మా చొక్కాల నిండా నీలి చుక్కలు.

తర్వాత థాంసన్ సీడ్‌లెస్ వచ్చింది. గింజ లేదు, తీపి ఎక్కువ. అనాబ్ రసంలో చక్కెర 14 నుంచి 16 శాతం ఉంటే దానిలో 20 దాటుతుంది. ఎండబెడితే కిస్‌మిస్, పెట్టెల్లో సర్దితే యూరప్‌కు ఎగుమతి. అనాబ్‌కు ఈ రెండు దారులూ లేవు. రుచిలో ఓడిందంటే మాత్రం నేను ఒప్పుకోను. ఆ పలచని పులుపు థాంసన్‌లో ఏది? గింజ ఊసే ఓపిక మనకు పోయింది, అంతే.

పండు సంగతి అలా ఉండగా భూమి సంగతి ఇంకోలా తేలింది. 1998 నవంబరులో మాదాపూర్‌లో ఐటీ కంపెనీల కోసం కట్టిన సైబర్ టవర్స్‌ను అప్పటి ప్రధాని వాజ్‌పేయి ప్రారంభించారు. ఆ తర్వాత గచ్చిబౌలి, నానక్‌రామ్‌గూడ, ఔటర్ రింగ్ రోడ్డు. బోర్లు అడుగంటాయి. ఎకరం ధర ముందు ఏ కాపూ నిలవలేదు. మా నాయిన అమ్మేశాడు. అమ్మిన రోజు తోటలోకి వెళ్లలేదు. తప్పు చేశాడని నేను ఏనాడూ అనుకోలేదు. ఆ డబ్బుతోనే మా చెల్లెళ్లిద్దరూ చదువుకున్నారు.

రాజేంద్రనగర్ ద్రాక్ష పరిశోధన కేంద్రంలో ఈ రకం ఇంకా బతికి ఉంది. మొన్న మార్చిలో మనవరాలిని తీసుకెళ్లాను. ఒక కాయ నోట్లో వేసుకుని, "తాతా, గింజలున్నాయి" అంది. అరచేయి పట్టాను. రెండు గింజలు ఊసి, ఇంకో కాయ తెంపుకుంది.

తెలిసిన రైతు దగ్గర అడిగి తెచ్చుకున్న అనాబ్ మొక్క ఒకటి ఆ కడీ పక్కనే నాటాను. వాచ్‌మన్ రోజూ నీళ్లు పోస్తున్నాడు. రెండో ఏడు నడుస్తోంది, తీగ గాడి దాకా ఎక్కింది. కత్తెర సాన పట్టించి ఉంచాను, అక్టోబరు రావాలి.