కిరాయి తారీఖ్

మా ఉర్దూలో తారీఖ్ అంటే తేదీ. చరిత్ర అన్నా తారీఖే. స్కూల్లో ఉస్తాద్ "తారీఖ్ కీ కితాబ్ నికాలో" అంటే పదో తరగతి దాకా మేం తీసింది చరిత్ర పుస్తకం. తెలుగు డిగ్రీలో చేరాక తారీఖు కేలెండర్‌లో అంకెగా మాత్రమే మిగిలింది. ఆ రెండు అర్థాలూ ఒకేసారి నా నెత్తిన పడిన రోజు ఒకటుంది. దాని దగ్గరికి వస్తాను. ముందు మా భాంజా సంగతి.

వాడు ఐటీ చదువుతున్నాడు. మొన్న రాత్రి పుస్తకం పట్టుకుని వచ్చాడు. "మామూ, వర్చువలైజేషన్ డెఫినిషన్ బట్టీ కొట్టేశాను గానీ సమఝ్ కాలేదు. లేని మెషీన్ ఉన్నట్టు ఎట్లా ఉంటది?"

"మీ నానా దుకాణం గుర్తుందా?" అన్నాను.

మా అబ్బా విజయవాడ ఆటోనగర్‌లో ఖరాదీ. లేత్ మెషీన్‌ను మా ఇంట్లో ఖరాద్ అనే అంటారు. 1960 దశకంలో మొదలైన ఈ జవహర్ ఆటోనగర్‌లో లారీ బాడీ కట్టేవాళ్లు, కమాన్ పట్టీలు వేసేవాళ్లు, రేడియేటర్ అతికేవాళ్లు, పాత ఇనుము అమ్మేవాళ్లు, అందరూ పక్కపక్కనే. కానీ ప్రతి మెకానిక్కూ సొంత ఖరాద్ కొనే తాకత్ ఎక్కడిది? అందుకని పని వచ్చినప్పుడు షాగిర్ద్ కుర్రాడు ఆ సామాను సైకిల్ మీద అబ్బా దగ్గరికి తెచ్చేవాడు. దాని మీద చాక్‌పీసుతో వాళ్ల ఉస్తాద్ పేరు. నాలుగు దుకాణాల పని ఒకే ఖరాద్ మీద నడిచేది. లారీ ఓనరుకు మాత్రం తన మెకానిక్ దుకాణంలోనే అంతా జరిగినట్టు ఉండేది. ఒకరి షాఫ్ట్ ఇంకొకరికి వెళ్లడం నేనెప్పుడూ చూడలేదు. "పరాయి మాల్ అమానత్ బేటా" అనేవాడు అబ్బా.

వర్చువలైజేషన్ అసల్ ఇదే. ఒక అసలు మెషీన్. దాని మీద నాలుగు నకిలీ మెషీన్లు. ఒక్కోదానికీ తన ప్రాసెసర్, తన మెమరీ, తన డిస్క్ ఉన్నట్టే కనపడుతుంది. లోపల నడిచే ఆపరేటింగ్ సిస్టం తానే మాలిక్ అనుకుంటుంది. వంతులు పంచి, ఒకరి మాల్ ఒకరికి తగలకుండా కాసే సాఫ్ట్‌వేర్‌ను హైపర్‌వైజర్ అంటారు. అంటే మా అబ్బా.

దీని తారీఖ్ కూడా పాతదే. 1960ల్లో ఒక్క కంప్యూటర్ అంటే ఒక గది, కోట్ల ఖర్చు. ఒక్కరు వాడుతుంటే మిగతావాళ్లు బయట లైన్లో నిలబడాలి. 1961లో అమెరికాలోని ఎంఐటీలో ఫెర్నాండో కొర్బాటో బృందం టైం షేరింగ్ నడిపి చూపింది. కంప్యూటర్ తలా కొంచెం సమయం ఇస్తూ అందరి పనీ చేస్తుంది. మన కృష్ణా డెల్టా రైతుకు ఇది కొత్త కాదు. నీళ్లు తక్కువైన ఏడు కాలువకు వారాబందీ పెడతారు, వంతు వచ్చినవాడి చేనికి నీళ్లు. తేడా ఒక్కటే. కాలువ వంతు రోజుల్లో తిరిగితే కంప్యూటర్ వంతు రెప్పపాటుకన్నా ముందే తిరిగొస్తుంది. అందుకే ఎవరికీ ఆగినట్టు అనిపించదు. అదే ఏడాది జాన్ మెకార్తీ ఇంకో మాట అన్నాడు: రేపు కంప్యూటింగ్ కూడా టెలిఫోన్‌లాగా ఇంటింటికీ వచ్చే సేవ కావచ్చని.

తర్వాత మెట్టు ఐబీఎంది. మసాచుసెట్స్‌లోని దాని కేంబ్రిడ్జి కేంద్రంలో సీపీ-40 అనే వ్యవస్థ 1967 జనవరి నాటికి పనిలోకి వచ్చింది. ఒకే యంత్రం మీద 14 వర్చువల్ మెషీన్లు. టైం షేరింగ్‌లో సమయం పంచుకుంటే, ఇక్కడ ఒక్కొక్కరికీ పూర్తి కంప్యూటరే ఇచ్చినట్టు. 1972లో అదే వీఎం/370 పేరుతో బజారుకు వచ్చింది.

తర్వాత కథ తిరగబడింది. కంప్యూటర్లు సస్తా అయ్యాయి. ప్రతి ఆఫీసూ తన సర్వర్ తానే కొనుక్కుంది. మన బెజవాడే చూడండి. 1998లో మొదలుపెట్టి 1999 చివరికల్లా నగరపాలక సంస్థ 'వాయిస్' అనే ఆన్‌లైన్ వ్యవస్థ తెచ్చింది. జనన మరణ ధ్రువపత్రాలు, ఇంటి పన్ను, ప్లాన్ మంజూరు కియోస్కుల్లో దొరికేవి. దేశమంతా చెప్పుకున్న పని. కానీ అప్పటి పద్ధతి ఏ శాఖ కంప్యూటర్ ఆ శాఖదే. ఒకచోట మెషీన్ ఊపిరాడక వేడెక్కుతుంటే, పక్క గదిలో మెషీన్ ఖాళీగా కరెంటు తింటుంది. నలుగురు మెకానిక్కులూ నాలుగు ఖరాద్‌లు కొని, మూడింటి మీద గుడ్డ కప్పినట్టు.

అప్పుడు పాత కిరాయి ఆలోచన మళ్లీ లేచింది. 1998లో వీఎంవేర్ కంపెనీ పుట్టింది. మన ఇళ్లలో, ఆఫీసుల్లో ఉండే ఎక్స్86 ప్రాసెసర్ల మీద వర్చువల్ మెషీన్ నడపడం కష్టమన్న రోజుల్లో, 1999లో నడిపి చూపింది. 2003లో ఇంగ్లండ్ కేంబ్రిడ్జి యూనివర్సిటీ నుంచి జెన్ హైపర్‌వైజర్ ఉచితంగా వచ్చింది. 2005, 2006ల్లో ఇంటెల్, ఏఎండీ ఈ సౌకర్యాన్ని ప్రాసెసర్‌లోనే పెట్టేశాయి. పిల్లలూ, పరీక్షలో అడుగుతారు కాబట్టి రాసుకోండి: నేరుగా హార్డ్‌వేర్ మీద కూర్చునేది టైప్-1 హైపర్‌వైజర్. మామూలు ఆపరేటింగ్ సిస్టం మీద ఒక ప్రోగ్రాంలా నడిచేది టైప్-2. కంటైనర్లు వేరు. అవి ఒకే కెర్నెల్‌ను పంచుకుంటాయి. ఖరాద్ ఒక్కటే, ట్రేలు మాత్రం వేరువేరు.

2006 ఆగస్టులో అమెజాన్ ఆ జెన్ మీదే ఈసీ2 మొదలుపెట్టింది. గంటకు 10 సెంట్లు. కార్డు ఉన్న ఎవరైనా సర్వర్ కిరాయికి తీసుకోవచ్చు, గంటలో వదిలేయొచ్చు. 2011లో అమెరికా ప్రమాణాల సంస్థ నిస్ట్ క్లౌడ్‌కు ఐదు లక్షణాలు రాసింది: ఎవరినీ అడగకుండా తీసుకోవడం, నెట్ ఉన్న ఏ చోటి నుంచైనా వాడటం, వనరులు ఉమ్మడిగా ఉండటం, అవసరాన్ని బట్టి పెంచుకోవడం తగ్గించుకోవడం, వాడినంతకు మీటరు తిరగడం. వర్చువలైజేషన్ ఒక్కటే ఉంటే క్లౌడ్ కాదు. ఖరాద్ పంచుకోవడం ఒకటి, ఊరందరికీ మీటరు పెట్టి ఇవ్వడం ఇంకొకటి.

కిరాయిలో మూడు రకాలు. షెడ్డు, మెషీన్, కరెంటు ఇచ్చి పని నువ్వే చేసుకో అంటే ఐఏఏఎస్. పనిముట్లు కూడా సిద్ధం చేసి సామాను తెచ్చుకో అంటే పీఏఏఎస్. బండి వదిలి వెళ్లు, సాయంత్రం తీసుకో అంటే ఎస్ఏఏఎస్. మన జీమెయిల్ మూడో రకం. రకం మారేకొద్దీ మన జిమ్మేదారీ తగ్గుతుంది గానీ సున్నా కాదు. మొదటి రకంలో బ్యాకప్ బాధ్యత దాదాపు మనదే.

మన నేలతో కూడా దీనికి రిష్తా ఉంది. హైదరాబాద్‌లో పుట్టిన సత్య నాదెళ్ల మైక్రోసాఫ్ట్‌లో క్లౌడ్ విభాగాన్ని నడిపి, 2014లో ఆ కంపెనీకే అధిపతి అయ్యారు. అదే ఏడాది కేంద్రం 'మేఘ్‌రాజ్' పేరుతో ప్రభుత్వ క్లౌడ్ తెచ్చింది. 2022 నవంబర్‌లో అమెజాన్ హైదరాబాద్‌లో తన క్లౌడ్ ప్రాంతాన్ని తెరిచింది. 2025 అక్టోబర్‌లో గూగుల్ విశాఖలో ఐదేళ్లలో 1,500 కోట్ల డాలర్లు పెడతామని ప్రకటించింది. పేరు మేఘమే గానీ దాని పాదాలు జమీన్ మీదే ఉంటాయి. దానికి గోడ కావాలి, కరెంటు కావాలి, చల్లబరచడానికి నీళ్లు కావాలి.

దీని ఫాయిదా నేను కళ్లారా చూశాను. 2024 సెప్టెంబర్ మొదట్లో బుడమేరు సింగ్‌నగర్‌ను ముంచినప్పుడు, నీళ్లు తీశాక వీధుల్లో తాళ్లకు సర్టిఫికెట్లు ఆరేసి ఉన్నాయి. ఆటోనగర్‌లో పనిచేసే ఒక బ్యాటరీ మిస్త్రీ ఇల్లు అక్కడే. పదేళ్ల ఖాతా పుస్తకాలు ముద్దయిపోయాయి. ఆయన కొడుకు రెండేళ్లుగా లెక్కలు ఆన్‌లైన్‌లో రాస్తున్నాడు. ఆ రెండేళ్ల బాకీలు మాత్రమే ఆయనకు తిరిగొచ్చాయి.

ఇక నా నుఖ్సాన్ చెప్తాను. కొన్నేళ్ల క్రితం ఒక చిన్న వెబ్ పత్రికలో పనిచేసేవాణ్ని. పేరెందుకు. ఆటోనగర్ తారీఖ్ రాద్దామని పదకొండు మంది పాత మిస్త్రీల గొంతులు రికార్డు చేశాను. పదకొండో గొంతు అబ్బాది. యాభై నిమిషాల పైన. పత్రిక కిరాయికి తీసుకున్న సర్వర్లో అన్నీ ఎక్కించి, కార్డు నిండిందని నా దగ్గరున్నవి చెరిపేశాను. "స్నాప్‌షాట్ రోజూ తీస్తున్నాం, ఫికర్ వద్దు" అన్నారు. తర్వాత పత్రిక మూతపడింది. కిరాయి ఎవరూ కట్టలేదు. నోటీసులు ఉద్యోగం మానేసినవాడి మెయిల్‌కు వెళ్లాయి. గడువు దాటాక ఖాతా మొత్తం తీసేశారు. స్నాప్‌షాట్లు కూడా అదే ఖాతాలో ఉన్నాయి. నాకు ఖబర్ తెలిసేనాటికి అబ్బా లేడు. ఏ తారీఖున కిరాయి కట్టలేదో ఆ తారీఖునే ఆటోనగర్ తారీఖ్ పోయింది.

స్నాప్‌షాట్ అంటే ఒక క్షణంలో మెషీన్ ఎట్లా ఉందో దాని ముద్ర. కొత్త సాఫ్ట్‌వేర్ ఎక్కించి చెడితే వెనక్కి రావడానికి బంగారం లాంటిది. కానీ ఇల్లు కాలితే, అదే ఇంట్లో గోడకున్న ఫొటో మిగలదు. నేనొక్కణ్నే మూర్ఖుణ్ని కాదు. 2025 సెప్టెంబర్ 26న దక్షిణ కొరియాలో డేజియాన్‌లోని ప్రభుత్వ డేటా సెంటర్‌లో మంటలు లేచాయి. జీ-డ్రైవ్ అనే ప్రభుత్వ క్లౌడ్‌లో ఉద్యోగులు దాచుకున్న 858 టెరాబైట్లు పోయాయి. బయట నకలు లేదు.

అందుకే భాంజాకు చెప్పాను. మూడు నకళ్లు ఉంచు. రెండు రకాల చోట్ల పెట్టు. ఒకటి ఊరు దాటి ఉండాలి, వేరే ఖాతాలో, వేరే పేరు మీద. అప్పుడప్పుడూ దాన్ని తెరిచి చూడు. తెరవని బ్యాకప్ బ్యాకప్ కాదు. మెషీన్ కిరాయికి ఇచ్చినవాడు మెషీన్‌కే జిమ్మేదార్. అమానత్ నీది.

వాడు కాసేపు ఊరుకుని అడిగాడు. "నానా గొంతు అస్సలు లేదా మామూ?"

లేదు. పదకొండింటిలో ఒక్కటే మిగిలింది. ఒక కమాన్ మిస్త్రీది. తన మాట తనకు వినిపించమంటే ఆ రోజే బ్లూటూత్‌లో ఆయన ఫోన్‌కు పంపాను. మొన్న వాళ్లబ్బాయి దాన్ని వెతికి నాకు తిరిగి పంపాడు. అందులో ఇరవయ్యో నిమిషం దగ్గర వెనకాల ఒక ఖరాద్ తిరుగుతున్న చప్పుడు వినపడుతుంది. వాళ్ల పక్క దుకాణం మాదే.

ఇప్పుడది మూడు చోట్ల ఉంది.