'వాల్యూ' అనే మాట వెనుక



"తెలుగు తీసుకుంటే మా పిల్లవానికి ఏం వాల్యూ ఉంటుంది సార్?" మా హోసూరు ప్రాంతంలో తెలుగు ఉపాధ్యాయునికి ప్రతి జూన్ మాసంలోనూ ఎదురయ్యే ప్రశ్న ఇది. అడిగేవారు పరాయివారు కారు, ఇంట తెలుగు మాట్లాడేవారే. ఇన్నేళ్ళుగా ఏదో ఒక సమాధానం చెబుతూనే వచ్చాను. ఈ సంవత్సరం ఒక తండ్రి అడిగినప్పుడు మాత్రం ఆ మాటే నన్ను పట్టి నిలిపినది. ప్రశ్న తెలుగును గురించి. అందులోని కీలకమైన మాట ఆంగ్లం! దాని పుట్టుపూర్వోత్తరాలను మీతో ముచ్చటించాలని ఈ ప్రయత్నం.

'వాల్యూ' ఆంగ్లేయుల సొంత సొత్తు కాదు. 1066లో నార్మన్లు ఇంగ్లండును జయించిన పిమ్మట ఫ్రెంచి అక్కడ ఏలికల భాష అయినది. ఆ దారిన, ఇంచుమించు 1300 ప్రాంతంలో, ఈ మాట ఆంగ్లంలో చేరినది. అంతకు ముందే వారికి 'వర్త్' అనే ఇంటి మాట ఉన్నది, నేటికీ ఉన్నది. పూజకు వాడే 'వర్షిప్' దాని బిడ్డయే. యోగ్యత, గౌరవం అని మొదటి అర్థం.

ఫ్రెంచి మాటకు మూలం లాటినులోని 'వలేరే' అనే క్రియ. దానికి తొలి అర్థం బలంగా ఉండుట, ఆరోగ్యంగా ఉండుట. గమనించండి, ఇందులో బేరసారాల ఊసు లేదు. రోమనులు ఉత్తరం ముగిస్తూ 'వలే' అని వ్రాసేవారు. 'క్షేమంగా ఉండు' అని దాని భావం. వీడ్కోలు సభను 'వాలెడిక్టరీ' అనడం ఇందువల్లనే. నేను ఉపాధ్యాయ శిక్షణ ముగించిన నాడు మా తలల మీద ఆ పేరుతోనే గుడ్డ బ్యానరు కట్టినారు. దాని అర్థం మాలో ఎవరికీ తెలియదు, అడగాలని కూడా తోచలేదు.

ఈ కుటుంబం పెద్దది. చట్టం ముందు నిలిచే బలం గలది 'వ్యాలిడ్'. మనం సెల్‌ఫోనుకు వేయించుకునే 'వ్యాలిడిటీ' కూడా అదే. ఒకే అక్షరక్రమంతో వ్రాసే 'ఇన్వాలిడ్' ఒక విధంగా పలికితే చెల్లని టిక్కెట్టు, మరొక విధంగా పలికితే మంచాన పడిన మనిషి. రెండింటిలోనూ లోపించినది బలమే. 'ఇన్‌వాల్యుబుల్' దగ్గర మాత్రం పిల్లలు తప్పక జారిపడతారు. 'విలువలేని' అని వ్రాస్తారు. అది 'వెలకట్టలేని' అని చెప్పి చెప్పి నా గొంతు అరిగినది.

మరి బలం ధరగా ఎట్లు మారినది? ఆ మార్పు లాటినులోనే జరిగినది. ఒక వస్తువు మరొకదానికి ఎంతవరకు సరితూగి నిలువగలదో అదే దాని బలం. రోమనుల వెండి నాణెం దెనారియస్ మొదట పది కంచు నాణేలకు సమానం. వర్రో అనే రోమను పండితుడు ఆ పేరుకు కారణం చెబుతూ ఈ 'వలేరే' క్రియనే వాడినాడు. ఆ దెనారియస్సే మన 'దీనారం'. విజయనగర ప్రభువు ప్రౌఢదేవరాయలు శ్రీనాథునికి దీనార టంకాలతో స్నానం చేయించినాడని చెప్పుకుంటాము కదా, ఆ పేరు అంత దూరం నుండి వచ్చినది.

1776లో ఆడమ్ స్మిత్ తన గ్రంథంలో ఈ మాటను రెండుగా చీల్చి చూపినాడు: వాడుకలోని విలువ, మారకంలోని విలువ. నీరు లేనిదే బ్రతుకు లేదు, కాని నీటితో కొనగలిగేది దాదాపు ఏమీ లేదు. వజ్రం వల్ల ప్రయోజనం స్వల్పం, మారకంలో దానికి వచ్చేది అపారం. పిల్లలకు ఈ ఒక్క ఉదాహరణ చెబితే చాలు, తరగతి సగం రోజు వాదించుకుంటుంది.

ఇక మన 'విలువ' ప్రయాణం వేరు. ఇది అంగడిలోనే పుట్టినది. పాత తెలుగులో 'విలుచు' అంటే కొనుట. తమిళంలో 'విల్' అంటే అమ్ముట, 'విలై' అంటే ధర. కన్నడంలో 'బెలె', తెలుగులో 'వెల'. మా ఊరి సంతలో ఈ అక్కచెల్లెళ్ళు ముగ్గురూ ఒకే కూరగాయల గంప ముందు వినబడతారు. 'మూల్యం' మాత్రం 'మూలం' నుండి వచ్చిన సంస్కృత పదం.

బహువచనంలో 'విలువలు' అన్నప్పుడు నీతినియమాలు స్ఫురించడం మనకు పాత అలవాటు కాదు. పూర్వులు శీలం అన్నారు, ధర్మం అన్నారు. ఆంగ్లంలో 'వాల్యూస్' ఆ అర్థంలో వ్యాపించిన తరువాతనే మనమూ అనువదించుకున్నాము. 1986 జాతీయ విద్యావిధానంలో విలువల విద్యకు ప్రత్యేకంగా చోటిచ్చినారు. సంతలో పుట్టిన మాటకు నీతిపాఠంలో పెద్దపీట!

ఆ తండ్రికి ఇదంతా చెప్పలేదు. వజ్రం, నీరు కథ మాత్రం చెప్పినాను. ఆయన నవ్వి, "నీళ్ళకు మార్కులు ఎన్ని వేస్తారు సార్?" అన్నారు. తమిళంలో మార్కును 'మదిప్పెణ్' అంటారు, విలువ తెలిపే అంకె అని. మన 'మదింపు' దాని చుట్టమే. ఇంటిలో ఆలోచించి రేపు వస్తానని వెళ్ళినారు. ఫారం ఇంకా నా బల్ల మీదనే ఉన్నది.